పుట్టింటి పెట్టె

పెద్ద నగరములలో పాతవస్తువులు అమ్ము అంగళ్లకు పోయినచో, ఇత్తడి దీపపు సెమ్మెలకును పగిలిన పింగాణి జాడీలకును నడుమ, రంగుల బొమ్మలు వ్రాసిన కొయ్యపెట్టెలు అప్పుడప్పుడు కనబడును. వాని రంగు కొంత రాలిపోయి, మూలలు అరిగి, మూత సరిగా పడకయుండును. అంగడివాడు వానిని చూపి "ఇవి కట్నపు పెట్టెలు" అనును. కొనువారు వెల కుదుర్చుకొని ఇంటికి కొనిపోయి ముందుగదిలో చిన్నబల్లగా వాడుకొందురు. ఆ పెట్టె ఏ సీమది, ఎవరు చేసిరి, ఎవరి కొరకు చేసిరి, అందేమి పెట్టిరి అను ప్రశ్నలు అంగడిలో పుట్టవు.

"కట్నపు పెట్టె" అను పేరు సగమే నిజము. నేడు కట్నమనగా వరుని పక్షమువారు అడిగి పుచ్చుకొను సొమ్ము. ఈ పెట్టె వరునిది కాదు, అతని తండ్రిది కాదు. ఇది పెండ్లికూతురి సొత్తు. అందు పెట్టినదంతయు ఆమె సొత్తు. దాని తాళపుచెవి ఆమె కొంగున ఉండెడిది. ఈ భేదము తెలియనిచో పెట్టెను చూచియు చూడనట్లే.

ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు పెట్టెతో పంపు ఆచారము మనదేశమున చాల ప్రాంతములందు ఉండెడిది. కేరళమున తలశ్శేరి చెంతనున్న నెట్టూరు పేరు మీద వెలసిన నెట్టూరుపెట్టె కలదు. అది నగలపెట్టె. దాని మూత గుడికప్పువలె నాలుగు ప్రక్కలకును వాలియుండును. అంచులకు ఇత్తడి బద్దలు బిగించి, కొయ్యకు లక్క పూయుదురు. సౌరాష్ట్రమున పటారో అను పెద్దపెట్టె కలదు. ఇత్తడిరేకులు తాపి, మేకులు వరుసలుగా కొట్టి, క్రింద చక్రములు అమర్చిన ఆ పెట్టెలో ఒక చిన్నపిల్లవాడు దాగికొనవచ్చును. తెలుగువారి ఇండ్లలోని భోషాణము కూడ ఈ కుటుంబములోనిదే. కాని అది ఇంటిలో పాతుకొని యుండు పెట్టె. పాత్రలను, పత్రములను, ధనమును దాచుటకే కాని ప్రయాణమునకు పుట్టినది కాదు.

వీని అన్నిటిలోను చిత్రకారుని చేతిపని మిక్కిలిగా గలది ఒడిశాలోని పెట్టె. దానిని అచ్చటివారు "జౌతుక పేడి" అందురు.

ఈ పేరును కొంచెము విప్పి చూడవలెను. సంస్కృతమున యౌతకము, యౌతుకము అని ఒక మాట కలదు. వధూవరులు కలిసి ఒక పీటపై కూర్చున్న వేళ వధువునకు ఇచ్చిన ధనమునకు ఆ పేరు. పదము మొదటి యకారము ఒడియా పలుకుబడిలో జకారముగా మారును. కావున యౌతుకము జౌతుకమైనది. పేడి అనగా పెట్టె. తెలుగువాని చెవికి ఆ మాటను వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగున పూర్వులు ఈ ధనమునే అరణము అనిరి. ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమి అని పల్లెలలో చెప్పుకొనుటయు ఈ తలపులోనిదే.

ధర్మశాస్త్రములు ఈ ధనమును స్త్రీధనమని ప్రత్యేకించి పేర్కొన్నవి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున స్త్రీధనము ఆరు విధములుగా చెప్పబడినది: అగ్నిసాక్షిగా ఇచ్చినది, పుట్టింటినుండి సాగనంపునప్పుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, అన్నదమ్ములిచ్చినది, తల్లి ఇచ్చినది, తండ్రి ఇచ్చినది. వీనిలో రెండవదానిని అధ్యావాహనికమందురు. జౌతుక పేడి ఆ వేళకు సంబంధించిన వస్తువు. తల్లి యౌతకము ఆమె తదనంతరము పెండ్లికాని కూతురికే చెందవలెనని కూడ ఆ గ్రంథమే విధించినది. స్త్రీలకు భూమిలోను ఇంటిలోను హక్కు మిక్కిలి తక్కువగానున్న కాలమున, ఇది ఒక్కటి మాత్రము ఆమె పేర నిలిచిన ఆస్తి. శాస్త్రము చెప్పినదంతయు ప్రతి ఇంటను జరిగినదని అనుకొనరాదు. అక్కరపడినపుడు కోడలి నగలు తాకట్టు పెట్టిన మామలును, అడుగకుండ పెట్టె తెరచిన మగలును ఏ కాలముననైనను ఉన్నారు. ఐనను, అది తప్పని నలుగురికిని తెలిసియుండుట చిన్న విషయము కాదు.

ఒడిశాలో ఈ పెట్టెలకు బొమ్మలు వ్రాయువారు చిత్రకారులను కులమువారు. పూరీ జగన్నాథుని కొలువులో వీరికి ఒక సేవ కలదు. జ్యేష్ఠపూర్ణిమనాడు జగన్నాథ బలభద్ర సుభద్రల దారువిగ్రహములకు నూరుపైచిలుకు కుండల నీటితో స్నానము జరుగును. ఆ తరువాత దేవతలకు జ్వరము వచ్చినదని పదునైదు దినములు దర్శనము ఆపుదురు. ఆ దినములలో భక్తులు మ్రొక్కుటకు మూడు పటములు వ్రాసి ఉంచుదురు. వానిని అణసర పటములందురు. వానిని వ్రాయువారు ఈ చిత్రకారులే. దేవుని పటము వ్రాసిన చేయి పెండ్లిండ్లకు గోడలపై బొమ్మలు వ్రాయును. గంజిపా అను గుండ్రని ఆటముక్కలపై దశావతారములు వ్రాయును. పెండ్లికూతురి పెట్టెపై లతలు వ్రాయును. దేనికిని వేరు కుంచె లేదు. ఆ కాలపు చిత్రకారునికి గుడిపని, ఇంటిపని అను తారతమ్యము ఇప్పుడు మనము ఊహించునంత లేదు.

పూరీకి సుమారు 14 కిలోమీటర్ల దూరమున, భార్గవీనది సమీపమున, కొబ్బరితోపుల నడుమనున్న రఘురాజపురము ఈ పనివారి ఊళ్లలో ప్రసిద్ధమైనది. రెండు వరుసల ఇండ్లు, నడుమ చిన్న చిన్న గుళ్లు. ఇంచుమించు ఇంటింటను కుంచె పట్టువారే. ఒడిస్సీ నాట్యమున జగత్ప్రసిద్ధుడైన కేలుచరణ మహాపాత్రుడు 1926లో ఈ ఊరనే చిత్రకారుల ఇంట పుట్టెను. దక్షిణమున గంజాము సీమలోను చిత్రకారులు కలరు. బుగుడలోని విరించినారాయణ దేవాలయపు గోడలపైనున్న రామాయణ చిత్రములు ఆ సీమ పనితనమునకు సాక్ష్యము. గంజాము 1936 వరకు మద్రాసు రాజధానిలో భాగము. బరంపురమున నేటికిని తెలుగు వినబడును; పర్లాకిమిడికిని శ్రీకాకుళపు పల్లెలకును పెండ్లి రాకపోకలు ఎన్నడును ఆగలేదు. కావున ఆ వైపు తెలుగువారికి ఈ రంగుపెట్టె దూరదేశపు వింత కాదు.

పెట్టెను చేయుట వడ్రంగి పని. దానిని పెండ్లిపెట్టెగా చేయుట చిత్రకారుని పని. వడ్రంగి గుమ్మడిటేకు వంటి తేలికైన కొయ్యను ఎన్నుకొనును. బరువైన కొయ్య గట్టిదే కాని మోయువాని భుజమును తలచుకొనవలెను కదా. పలకలు కోసి, నునుపు చేసి, మూలలు కలిపి, మూతకు కీలులును గొళ్లెమును పెట్టి చిత్రకారుని ఇంటికి పంపును.

అచ్చట మొదటిపని ఇంటి ఆడువారిది. చింతగింజలను నీటిలో నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా నూరి, మట్టికుండలో ఉడికించి జిగురు దీయుదురు. ఆ జిగురులో మెత్తని సుద్దపొడి కలిపి కొయ్యపై పూయుదురు. ఒక పూత ఆరిన తరువాత మరియొకటి. ఆరిన పూతను నున్నని రాతితో రుద్దుదురు. కొయ్య రంధ్రములన్నియు పూడి, పెట్టె గ్రుడ్డుపెంకువలె తెల్లగా నునుపుదేరును. రంగు కొయ్యపై పడినచో లోనికి ఇంకి మాసిపోవును. ఈ తెల్లని నేలపై పడినచో పైననే నిలిచి వెలుగును. చింతగింజల మహిమ మన పనివారికిని తెలియును. కొండపల్లి బొమ్మల ముక్కలు అతుకు మక్కు చింతగింజల పిండితోడను రంపపుపొట్టుతోడను చేయునదే. చేర్యాల పటముల గుడ్డకు పూయు పూతలోను చింతగింజల జిగురు కలదు. ఒకే చెట్టు గింజ ఇన్ని సీమల చిత్రములను మోయుచున్నది.

రంగులు అంగడి డబ్బీలలోనివి కావు. తెలుపు శంఖమునుండి వచ్చును. శంఖములను పొడిచేసి, నీటిలో నానబెట్టి, పాలవలె అగువరకు నూరి, జిగురుతో కలిపి మరిగించి ఆరబెట్టుదురు. ఎరుపు ఇంగిలీకమునుండి వచ్చును. అది పాదరసమును గంధకమును కలిసిన ఖనిజము. పసుపుపచ్చ హరిదళమునుండి వచ్చును. అందు పాషాణము కలదు, కనుక నూరువారు చేయి నోటికి తగులనీయరాదు. ఇటుకవన్నె జేగురు రాతినుండియు, నీలము నీలిమొక్కనుండియు వచ్చును. నలుపునకు దీపముపై మూకుడు బోర్లించి మసిపట్టుదురు; మన ఇండ్లలో కాటుక పట్టినట్లే. ఈ పొడులన్నిటిని కుంచెకు లొంగునట్లు చేయునది వెలగచెట్టు జిగురు. దానిని నీటిలో కరగించి రంగులో కలుపుదురు. జిగురు తక్కువైనచో రంగు పొడిగా రాలును. ఎక్కువైనచో ఎండి పెచ్చులై లేచును. సరియైన పాలు ఎంత యని అడిగినచో ముసలి చిత్రకారుడు కొలత చెప్పడు. కొబ్బరిచిప్పలోని రంగును వ్రేలితో తాకి చూపును.

కుంచెలలో ముతకవి మొగలివేరు చివర నలుగగొట్టి చేసినవి, లేక గేదె మెడవెంట్రుకలతో కట్టినవి. సన్ననివానికి ఎలుక వెంట్రుకలు. పనిలో ఒక క్రమము కలదు. మొదట అంచులు కట్టుదురు. పూలతీగలు, ఆకులతీగలు, త్రాళ్లవంటి గీతలు. అంచు లేనిదే బొమ్మ లేదు. తరువాత లోపలి రూపములను పలుచని గీతలతో నిలుపుదురు. వాని వెనుక నేలకు ఎరుపును, కొన్నియెడల నీలమును నింపుదురు. ఆ మీదట మేనివన్నెలు, బట్టలు, నగలు. చిట్టచివర నల్లని సన్నగీత. ఆ గీత పడువరకు రూపములు నిద్రపోవుచున్నట్లుండును. గీత పడగానే లేచి కూర్చుండును. కన్నులను అన్నిటికంటె వెనుక తీర్చుదురు. ఈ గీతకు ముందుగా వ్రాసి తుడుచుట లేదు. చేయి వణికినచో ఆ వణకు పెట్టె ఉన్నంతకాలము ఉండును. అందుచేత పిల్లలకు రంగులు నింపు పని మొదట ఇత్తురు. నల్లగీత చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును. రంగులు నింపుట, జిగురు కాచుట వంటి పనులలో సగముకు పైగా ఆడువారివే ఐనను, చాలకాలము పేరు మాత్రము మగవారికే దక్కినది. ఇప్పుడిప్పుడు ఆడువారును తమ పేర పటములు వ్రాయుచున్నారు.

తుదకు లక్క. చిత్రమును నిప్పుల సెగకు వెచ్చజేసి దానిపై సన్నని లక్కపూత పట్టింతురు. చల్లారిన పిమ్మట అది అద్దమువలె రంగును కప్పును. సముద్రతీరపు తేమ గాలికిని వానకును చింతగింజల జిగురు మెత్తబడును. లక్కపూత ఆ తేమను లోనికి రానీయదు. పాత పెట్టెలపై రంగు కొంచెము పసిమివన్నె తిరిగి కనబడుటకు కారణము ఆ లక్క ముదురుటయే. అది మురికి యనుకొని సబ్బునీటితో కడిగినవారు లక్కతోబాటు బొమ్మను కూడ కడిగివేసిరి.

ఇక బొమ్మల సంగతి. ఈ చిత్రకారుల చేతిలో ఎప్పుడును ఆడు కథ కృష్ణకథ. వేణువూదు కృష్ణుడు, గోపికల రాసము, పడవపై రాధాకృష్ణులు పెండ్లివస్తువులకు తగిన బొమ్మలు. తొమ్మిదిమంది స్త్రీలు ఒకరిపై ఒకరు ఒదిగి ఏనుగు ఆకారము దాల్చిన నారీకుంజరము వీరికి మిక్కిలి ప్రీతి. దూరమునుండి ఏనుగు, దగ్గరకు పోగా నవ్వుచున్న స్త్రీలు. నవగుంజరము మరియొక వింత. కోడితల, నెమలిమెడ, ఎద్దుమూపురము, సింహపునడుము, పాముతోక గల ఆ జంతువునకు ఒక పాదము ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి గుఱ్ఱముది. నాల్గవది మనుష్యుని చేయి, అందొక పువ్వు. పదునైదవ శతాబ్దిలో ఒడియా మహాభారతము వ్రాసిన సరళాదాసు కల్పించిన రూపమిది. అర్జునుడు ఆ వింతమృగముపై బాణమెత్తి, చేతనున్న పువ్వును చూచి, ఇది కృష్ణుడేయని గుర్తించి విల్లు దించెనని కథ. భయపడదగినదానిలో ఒక పువ్వును చూచి గుర్తుపట్టుట, క్రొత్త ఇంటికి పోవు పిల్లకు పనికిరాని కథ కాదు.

చిత్రకారులు తరచుగా వ్రాయు కథలలో కాంచీవిజయమొకటి. పదునైదవ శతాబ్దిలో ఒడిశాను ఏలిన పురుషోత్తమదేవుడు కాంచీ రాకుమారి పద్మావతిని కోరెనట. ఈ రాజు రథోత్సవమునాడు దేవుని రథము ముందు బంగారుపిడి చీపురుతో ఊడ్చునని విని, ఊడ్చువానికి పిల్లనీయనని కాంచీరాజు కబురు పంపెనట. యుద్ధము జరిగెను. జగన్నాథ బలభద్రులు రౌతుల వేషమున నల్లగుఱ్ఱముపై ఒకరు, తెల్లగుఱ్ఱముపై ఒకరు ముందుగా సాగిరి. త్రోవలో మాణిక అను గొల్లపడుచు చేత పెరుగు త్రాగి, పైకము లేక ఉంగరమిచ్చి, వెనుక వచ్చు రాజు వెల ఇచ్చునని చెప్పిరి. రాజు గెలిచి పద్మావతిని తెచ్చెను. పాత పగ మనసున నుంచుకొని, ఈమెను ఒక ఊడ్చువానికే ఇచ్చి పెండ్లి చేయుమని మంత్రికి ఆనతిచ్చెను. మంత్రి తొందరపడలేదు. మరల రథోత్సవము వచ్చి, రాజు చీపురు పట్టిన క్షణమున ఆమెను తెచ్చి, ఊడ్చువారిలో ఇంతకంటె మేలైనవాడు దొరకలేదని విన్నవించి ఆ రాజుకే అప్పగించెను. పటములపై తెల్లగుఱ్ఱము, నల్లగుఱ్ఱము, వాని ముందు పెరుగుకుండతో నిలిచిన మాణిక కనబడినచో ఈ కథయని తెలియవలెను. ఇందు చరిత్ర ఎంత, కల్పన ఎంత అనునది పండితుల పని. కథలో అందరును మంత్రి తెలివిని మెచ్చుకొందురు. పుట్టింటివారు సాగనంపగా రాక, చెరపట్టబడి, పెట్టె లేక వచ్చిన ఆ రాకుమారి ఏమనుకొన్నదో ఎవరును చెప్పలేదు.

పెండ్లిపెట్టె ఇట్టి లేమికి ఎదురుగా నిలుచు వస్తువు. పిల్ల పల్లకిలోనో బండిలోనో పోవుచుండగా, కావడి మోయువారు పెట్టెలను, బుట్టలను, కుండలను మోసికొని వెంట నడిచెడివారు. దారిలోని ఊళ్లవారు గుమ్మములలో నిలిచి చూచెడివారు. చీరలు, నగలు, అద్దము, దువ్వెన, కుంకుమభరిణ ఇందు సర్దిన వస్తువులు. మూత మూసియున్నను పెట్టెపైని రంగులు ఇందొక ఇంటి ప్రేమ కలదని చాటుచుండెడివి. క్రొత్త ఇంట వంటపాత్రలు అత్తవి, మంచము మగనిది, బావి అందరిది. మూలనున్న ఈ పెట్టె మాత్రము ఆమెది. చేయి చాపి మూత తెరచుటకు ఆమె ఎవరి అనుమతియు అడుగనక్కరలేదు.

రేకు ట్రంకుపెట్టెలు వచ్చిన తరువాత కొయ్యపెట్టెల కాలము తీరెను. రేకుపెట్టెకు చెద పట్టదు, వెల తక్కువ, దానిపై యంత్రపు పూలబొమ్మ సిద్ధముగానే యుండును. తరువాత ఇనుప బీరువా వచ్చెను. వస్తువులు మారుటలో విచారింపదగినది లేదు. విచారింపదగిన మార్పు వేరొకటి జరిగెను. పిల్లకు ఇచ్చునది పోయి, పిల్లను ఇచ్చుటకై చెల్లించునది వచ్చెను. అడుగుట, బేరమాడుట, చాలదని వేధించుట పెరిగెను. పేరు మాత్రము పాతదే ఉండెను. యౌతుకమనియే నేటికిని కొన్ని భాషలలో కట్నమును పిలుచుచున్నారు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను, 2022లో మనదేశమున కట్నపు వేధింపులకు బలియైన స్త్రీల సంఖ్య ప్రభుత్వపు లెక్కల ప్రకారమే 6 వేలకు పైబడినది.

ఆశ్చర్యమేమనగా, పాత పెట్టె చేసిన పనిని నేటి చట్టము మరల చేయబూనినది. అడుగకుండ, ప్రేమతో ఇచ్చిన కానుకలను చట్టము నిషేధింపలేదు. కాని 1985 అక్టోబరు 2 నుండి అమలైన నియమముల ప్రకారము, పెండ్లినాటి కానుకలకు పట్టిక వ్రాయవలెను. వధువునకు వచ్చిన కానుకల పట్టికను వధువే ఉంచుకొనవలెను. వస్తువేది, దాని వెల సుమారుగా ఎంత, ఇచ్చినవారెవరు, వారికి ఆమె ఏమి కావలెను అను వివరములు వ్రాసి, వధూవరులిద్దరును సంతకము చేయవలెను. ఈ పట్టికను వ్రాసికొను కుటుంబములు నేటికిని అరుదు. ఆ ఏటనే మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు, స్త్రీధనము భార్యకే పూర్తిగా చెందినదనియు, దానిని ఉంచుకొన్న భర్తయు అత్తమామలును కేవలము ధర్మకర్తల వంటివారనియు, తిరిగి ఈయనిచో అది నమ్మకద్రోహమను నేరమగుననియు తేల్చి చెప్పెను. కట్నముగా తీసికొన్న సొమ్మునైనను మూడు నెలలలో వధువునకు అప్పగింపవలెనని 1961 చట్టమునకు తరువాత వచ్చిన సవరణ విధించినది.

తెలుగువారు ఈ త్రోవలో ఒక అడుగు ముందుగా వేసిరి. 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానముగా పుట్టుకహక్కు ఇచ్చెను. కట్నపు ఆచారమును తొలగించుటకు ఇది సాధనమని ఆ చట్టమే తన ఉద్దేశ్యములలో చెప్పుకొన్నది. 2005లో ఇట్టి హక్కు దేశమంతటను కుమార్తెలకు కలిగెను. ఇల్లును పొలమును పంచుకొను పిల్లకు ఒక పెట్టెతో సరిపుచ్చుట ఇక చెల్లదు.

రంగుపెట్టెలు చేసిన చేతుల కథ ఇంకను మిగిలియున్నది. ఇరువదవ శతాబ్ది నడుమకు వచ్చునప్పటికి చిత్రకారులలో చాలమంది కుంచె విడిచి పొలముపనులకును కూలికిని పోయిరి. 1950 తరువాతి కొలది యేండ్లలో హలీనా జీలీ అను విదేశవనిత పూరీ ప్రాంతమునకు వచ్చి, ఈ పటములను చూచి ముగ్ధురాలై, చిత్రకారులను ప్రోత్సహించి, మరల పని పట్టునట్లు చేసెను. రఘురాజపురమున జగన్నాథ మహాపాత్రుడను చిత్రకారుడు పిన్నలకు విద్య నేర్పి ఊరిని నిలబెట్టెను. 2000లో ఆ ఊరు వారసత్వ గ్రామముగా గుర్తింపబడెను. 2019 మే 3న తీరమును తాకిన ఫణి తుపాను ఆ ఊరి కప్పులను ఎగురగొట్టి, వ్రాసియుంచిన పటములను తడిపివేసెను. కొన్ని ఇండ్లలో ఏండ్ల పని ఒక్క పూటలో మట్టిలో కలిసెను. ఐనను వారు చింతగింజలు మరల నానబెట్టిరి. నేడు వారు పటములు, తాటియాకు బొమ్మలు, చిన్న పెట్టెలు చేయుచున్నారు. పెండ్లికూతురి పెట్టె అడుగువారు తక్కువ. యాత్రికులు కొనిపోవు వస్తువులే ఎక్కువ.

పాత పెట్టెలు మాత్రము చేతులు మారుచున్నవి. నూరేండ్లు దాటిన కళావస్తువులను వర్తకులు విదేశములకు పంపరాదని 1972లో పురావస్తువులకై చట్టము చేయబడెను. ఈ కట్టడి వలన పుట్టిన మోసములు రెండు. క్రొత్త పెట్టెకు పొగ పట్టించి, టీనీరు పూసి, గొలుసుతో కొట్టి పాతదని అమ్ముట ఒకటి. నిజముగా పాతదైన పెట్టెకు రాలిన రంగు బదులు అంగడి రంగు పూసి మెరుగుపరచుట రెండవది. రెండవదియే ఎక్కువ హాని. మొదటిదానిలో కొన్నవాని ధనము మాత్రమే పోవును. రెండవదానిలో నూరేండ్ల క్రిందట ఒక చేయి వణకక గీసిన నల్లగీత పోవును.

నిజమైన పాత పెట్టెను గుర్తించుటకు చిన్న ఉపాయమొకటి కలదు. మోసము చేయువాడు అన్ని ప్రక్కలను సమముగా అరగదీయును. వాడుకలో అరిగిన పెట్టె అట్లుండదు. వెనుకవైపు గోడకు ఆనియుండుటచేత అచ్చటి బొమ్మలు ఇంచుమించు చెక్కుచెదరకయుండును. అడుగున తేమ తగిలి రంగు పొరలు లేచియుండును. ముందువైపు, గొళ్లెమునకు కొంచెము పైన, మూత అంచున నాలుగు వ్రేళ్లు పట్టునంత చోట రంగంతయు పోయి, సుద్దపూతయు పోయి, కొయ్య నునుపుగా మెరయుచుండును. దినదినమును ఒకే చేయి ఆ మూతను ఎత్తిన చోటు అది.